ఎన్ని వేళ్ళు?

వినుకొండ బడిలో కంటి ఆపరేషన్ల క్యాంపు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ చాప మీద పడుతోంది. రెండు కళ్ళకూ కట్టుతో ఒకామె వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన కూర్చుని భర్త విసనకర్రతో విసురుతున్నాడు.

"ఏమయ్యా, కట్టు కింద మిరప కళ్లం కనపడుతుంది. ఎర్రగా, నీళ్ళ మాదిరి కదులుతుంది."

"నువ్వు మాత్రం కదలబాక. ఒత్తిగిల్లొద్దు, గట్టిగా దగ్గొద్దు అన్నాడు డాక్టరు."

"రేపు కట్టిప్పి ఎన్ని వేళ్ళని అడుగుతాడంట. కనపడకపోతే?"

"మొదట్లో మసకేనంట. నెలకి లావు అద్దాలిస్తారంట."

"అసలే కనపడకపోతే?"

"నీ ఎనకాలే నిలబడతా. ఎన్ని వేళ్ళు చూపిస్తే అన్నిసార్లు వీపు మీద తడతాలే."

"డాక్టరు కనపడిందనుకోడూ?"

"అనుకోనీ. ఆరేళ్ళ నుంచి నువ్వు చూసేది నేను చెప్పిందేగా. వానమబ్బు, పత్తి పూత, మన మనవరాలి మొకం..."

"అవన్నీ చానా బాగుండేయయ్యా."

విసనకర్ర ఆగింది.

"రేపు కనపడితే ఇంక నాతో పనేముందే?"

"కనపడినా తట్టు."

"ఎందుకే?"

"ఆరేళ్ళూ ఉన్నదే చెప్పావో, నా కోసం కల్పించావో రేపు వేళ్ళ లెక్కతో తేలిపోద్ది."