సున్నం గీత పడని సెట్టు

“మామ్మా, మన కొండ మీద అప్పట్లో ఏయే చెట్లుండేవో చెప్పవే.”

సెట్ల పేర్లా? ఏటికే నీకు? ఎచ్చెర్ల కాలేజీలో అడగమన్నారా? ఆ పోను నా మొకం కాడెట్టి నా మాటలు పట్టకు. పేర్లడిగినోల్లంటే నాకు బయ్యం, మనవరాలివైనా అంతే.

అరవై ఏడో, ఎనిమిదో సమచ్చరం. నాను కొత్త కోడల్ని. అప్పుడు ఉప్పు గావాలంటే అడ్డాకుల మోపెత్తుకుని సాలూరు సంతకి దిగాల. మోపుకి కుంచుడు ఉప్పు. కాదు కాదు, అరకుంచుడే.

ఆ ఏడు బూట్లేసుకుని ఒకడొచ్చినాడు. సింతపండు కొన్నేదు, అడ్డాకు కొన్నేదు. సెట్ల పేర్లడిగి రాసుకున్నాడు. “ఏటీ కొననోడికి పేర్లెందుకురా?” అని మా అత్త అప్పుడే అంది. మీ తాత ఇన్నేదు.

మరి మన జాతాపోల్లకి ఓ అలవాటుందా, సెట్టుకి గడ్డి ముడి కట్టీసినామంటే అది ఒకరిదని లెక్క. ఇంకెవులూ దాని మీద కత్తెట్టరు. ఆడు సెట్లకి సున్నం గీతలు గీస్తంటే, అది సర్కారు కడతన్న ముడి అనుకున్నాడు మీ తాత. ఇంకెవులూ కొట్టరని సంబరం. ఇప్ప, మద్ది, పనస, తేనెపట్లున్నవన్నీ దగ్గరుండి సూపించినాడు. సున్నం కుండ మోసిందెవులు? నానే.

గెడ్డ పైన ఊట కాడ ఒక సెట్టుంది. మా అత్త ఎల్లి దాని మొదట్లో సతికిలబడిపోనాది. ఆడు లెగమన్నాడు, మీ తాత బతిమాలినాడు. పొద్దోలినా లెగనేదు. “ముందు నా నడుం మీద గియ్యి” అంది. ఆడు ఇసుక్కుని పోనాడు.

కోతలయ్యాక సాలూరు నుంచి లారీలొచ్చినాయి. ఎంచక్కా గీతలున్న సెట్లే కొట్టుకుపోనారు. ఆ బెట్టుడతలు, ఆ కొండగోరింకలు ఏటైపోనాయో తెలీదు. రెండేల్లకి కింద గెడ్డలో నీల్లెండిపోనాయి. మీ తాత సచ్చేదాకా ఏ సెట్టు పేరూ నోటంట అన్నేదు. నాకిప్పటికీ సిగ్గేనే అమ్మీ.

ఆ సెట్టా? ఉన్నాది. ఊటా ఉన్నాది, మనం తాగతన్నది అదే. ఏ సెట్టో సెప్పను. పొద్దున్న సెయ్యట్టుకుని తీసికెల్తాను, పోను ఇంట్లో ఎట్టీసి రా. నువ్వూ నీ పిల్లలూ ఆ నీల్లు తాగి సల్లగా ఉండాల, మరేటి గావాల నాకు...

ఇదిగో, అది ఆపీసినావా నేదా?