దేముడమ్మ గోడ మీద గంధం రంగు

కొత్తింటి హాలుకి మీగడ రంగు వేయించాలా, గంధం రంగు వేయించాలా తేల్చుకోలేక బట్టల కొట్టు లక్ష్మణరావు గారు దేముడమ్మ టీ బడ్డీ దగ్గరికి వచ్చారు. ఆ పని ఎలాగైనా తనకే దక్కాలని పెయింటరు జగన్నాధం ఆయనకి టీ చెప్పి మరీ అందుకున్నాడు.

"అదిగో బాబూ, బడ్డీ గోడ సూడండి. ఆ రెండు పట్టీలూ సేంపులుకి నానే ఏసినాను. కుడిది మీగడ, ఎడమది గంధం. మీ కళ్ళకి రెండూ ఒకటే. నాకైతే కళ్ళు మూసుకున్నా తెలిసిపోతాది. భోగాపురంలో చేపల మరిడమ్మకి మీగడ కావాల, కోడలు శ్రావణికి గంధం కావాల. మూడ్రోజులు ఇంట్లో పొయ్యెలగలేదు. నానెల్లి అత్త గదికి మీగడ, కోడలి గదికి గంధం ఏసీసినాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"ఏటయింది?" అంది దేముడమ్మ, టీ తిరగబోస్తూ.

"పొయ్యెలిగింది."

"ఓస్, అంతేనా?"

"అంతేనేటప్పా! మీగడ గదిలో నీళ్ళపాలు పెడితే సాయంత్రానికి ఏలెడు మందం మీగడ కట్టీసింది. ఊళ్ళో పిల్లులన్నీ వొచ్చి గోడ నాకీసినాయి. గంధం గదిలో ఎండుచేపల బుట్ట దించితే కంపు పోయి గుడి వాసనొచ్చింది! శ్రీకూర్మం ఎల్లే జనం బస్సాపించి దిగి, గోడకి ఏలు రాసి బొట్టెట్టుకున్నారు."

లక్ష్మణరావు గారు గ్లాసు పక్కన పెట్టేశారు. "బొట్టు అంటిందా?"

"స్నానం సేసినా పోలేదు బాబూ! కిటికీ తీస్తే ఆ గోడ ఎలుగు ఆకాశానికెక్కి, పైనెల్తన్న ఇమానం తూర్పెటో తెలీక మూడు సుట్లు తిరిగింది. పైలట్టు దిగొచ్చి నా సేతులట్టుకుని, 'జగన్నాధం గారూ, మీకు దండం, కిటికీకి కర్టెనేయించండి' అన్నాడు."

లక్ష్మణరావు గారు పగలబడి నవ్వారు. మనసు కూడా మెత్తబడింది. "సరేనయ్యా, పని నీకే ఇస్తాను. మా హాలుకేది?"

"గంధం! ఆ ఎడం పట్టీయే. రెండు కోటింగులు, మజ్జిలో ఒకపూట ఆరబెట్టి, ఎమరీ పేపరుతో నున్నగా రుద్ది ఏసినాను. ఆ నిగారింపు ఈ మూడు జిల్లాల్లో ఇంకోడిసేత ఏయించండి సూద్దాం!"

దేముడమ్మ టీ వడకట్టి, గుడ్డ గట్టిగా పిండి, ఎప్పట్లాగే గోడ మేకుకి తగిలించింది. దాని కింద గంధం పట్టీ మొత్తం దాగిపోయింది.

"ఒరే జగన్నాధం, నువ్వేసింది కుడిపక్కదొక్కటేరా. ఇది నా టీగుడ్డ మరక. ఐదేళ్ళబట్టి రోజూ ఈడే ఆరేస్తన్నాను."

లక్ష్మణరావు గారు లేచి వెళ్ళి, గుడ్డ కొంచెం పక్కకి తీసి, తేరిపార చూశారు.

"రంగు మాత్రం బాగుంది దేముడమ్మా. రేపు గుడ్డ పట్టుకుని నువ్వే వచ్చేయ్."