ఒక్కటే క్యాసెట్టు

ఆగు ఆగు తమ్మీ, గంత దబ్బున మెషిన్ల దూర్చకు! రీలు చిక్కుకుంటే? పటుక్కున తెగిందనుకో, నేనేం జెయ్యాలె? ముందుగాల పెన్సిల్ పెట్టి మెల్లగ తిప్పు.

నిజామాబాద్ల ఎన్ని దుకాణాలు తిరిగిన్నో. గీ కాలంల క్యాసెట్లెవరు ఇంటరు అవ్వా అని నవ్విండ్రు. ఆఖరికి ఒకామె, పాత టేపులు బాగుజేసేటోడు లక్ష్మీరాజం ఒక్కడే ఉన్నడు, గా గల్లీల అడుగు అన్నది. కమ్మర్‌పల్లి కాడ ఆటో ఎక్కినప్పటి సంది గీ సంచి ఒళ్లెకెల్లి దించలే.

ఏందీ, పాటలా? పాటలైతే నీ కాడికెందుకొస్త? మా కొడుకు ప్రేమ్ గాడు లోటంత స్పీకర్ తెచ్చిండు. ఫోన్ల నొక్కితే ఇల్లంత మోగుతది. మా అవ్వగారింట్ల రేడియో ముంగట ఒక్క పాట కోసం కూసునేటోళ్లం. పెండ్లైనంక మా ఆయన దుబాయికెల్లి టూ ఇన్ వన్ తెచ్చిండు. ఎనక సీడీలన్నరు, చిప్పులన్నరు. ఇప్పుడు చేతికి దొరికేదే లేదు, గాలిలకెల్లే వస్తది పాట. ఎవరిదడిగితే వాళ్లది వస్తది. మా ఆయన గొంతు రమ్మంటే వస్తదా?

అవ్ తమ్మీ, ఆయన మాటలే. ఇద్దరికీ రాసుడు రాదు. దుబాయిల క్యాసెట్ల మాట్లాడి, ఊరికొచ్చేటోళ్ల చేతికిచ్చేటోడు. మేం ఇనేది. ఇని, దాని మీదనే మా మాటలు నింపి, పోయేటోళ్ల చేతికిచ్చేది. దుబాయి పోయినోళ్ల ఇండ్లల్ల అందరిదీ గిదే తీరు. ఒక్కటే క్యాసెట్టు, పోవుడు, వచ్చుడు.

ఇప్పుడు తెల్సిందా నాకెందుకు భయమో?

ఆఖరిసారి ఆయన మాటలొచ్చినయ్. ఇన్న. గా దినమే వాటి మీద నా మాటలు నింపిన. పోయే మనిషి దొరకక బీరువల పెట్టిన. అది పోకముందుకే ఆయన వచ్చిండు. పెట్టెల.

ముప్పయ్యేండ్లాయె. ఒక్కపారి పెట్టి ఇనలే. ఎట్లింట? ఆయన గొంతు తుడిచి నా గొంతు ఎక్కించుకున్న. ప్రేమ్ గాడేమో, బాపు మాటలు ఫోన్ల ఎక్కించుకుందమవ్వా అని సంబరపడ్తున్నడు. ఆయన పోయిననాడు వానికి నడకనే రాదు. వానికేమని సెప్పాలె?

పెడ్తవా? సరే, పెట్టు. గని సప్పుడు తక్కువ పెట్టు.

అయ్యో! గది నేనే. ఎంత కోపమో సూడు! "దసరకొస్తనంటివి, రాకపోతివి. నీతోని నాకు మాటల్లేవు." గంతే. గంతే మాట్లాడి టక్కున బంద్ జేసిన. తీసెయ్ తమ్మీ, ఇంకేముంటది అండ్ల...

ఏందీ, ఆగుమంటవ్? నేను మాట్లాడినంత మేరకే చెరిగిందా? మిగిలిన రీలు మీద...

ఎవరిది గా గొంతు?

కాదు తమ్మీ, గిది ఆయన కాదు. ఎవరో పోరడు. మా ఆయన గొంతు నాకు తెల్వదా? దినాం మనసుల మాట్లాడ్త కద ఆయనతోని, వంటకాడ, చేన్ల. బొంగురు గొంతు ఆయనది, నా లెక్కనే ముసలి గొంతు. వీడెవడో మా ప్రేమ్ గాని కంటె చిన్నగున్నడు. ఎవరి మాటలో దీని మీద పడ్డయ్, నా కొంప మునిగింది...

ఆగు. ఇప్పుడు "పెంటా" అన్నడా?

ఊరంత నన్ను పెంటవ్వ అంటరు. పెంటా అని పిలిచేటోడు ఒక్కడే.

అవ్వో! గింత పోరడా ఆయన? గింత పోరనితోనా నేను మాటల్లేవన్నది?

భయమైతుంది తమ్మీ. ఆపకు. జర సప్పుడు పెంచు.