బస్తా దూదే

ఏమే, అంత దూరం పరిగెత్తొచ్చి, అలిసిపోయావో లేదో ఆ చేతి గడియారాన్ని అడుగుతావేంటి? ఒళ్ళు నీదా, దానిదా? నవ్వకు, ముందు ఆ చెమట తుడుచుకో. మీ తాతయ్యా అంతే, ఒంటి మాట ఒంటిని చెప్పనిచ్చేవారు కాదు. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయారు. గోదాములో బస్తాలు మోసేవాళ్ళకి మేస్త్రీ, తనూ వాళ్ళతో పాటే మోసేవారు. వాళ్ళ దగ్గరో పద్ధతుండేది. వీపు మీద బస్తా ఉన్నవాడు బరువనే మాట అనకూడదు. ఒకడన్నాడా, వెనకున్న వాళ్ళందరి మోకాళ్ళూ వణుకుతాయట. 'ఎలా ఉందిరా?' అంటే 'దూది' అనాలి. సిమెంటైనా దూదే, ఇనప మేకులైనా దూదే. ఏం చెప్తున్నానూ... ఆఁ, మీ తాతయ్య గుండెనొప్పి. అదొచ్చి తగ్గాక డాక్టరు, 'ఆరు వారాలు ఇక్కడికొచ్చి బెల్టు మిషను మీద నడవండి. గుండె తట్టుకుంటే మళ్ళీ బస్తా ఎత్తుకుందురుగాని, లేకపోతే లేదు' అన్నాడు. అంతే, మీ తాతయ్య ఉద్యోగం ఆ మిషను మీదికెక్కింది.

నర్సు పిల్ల పక్కన నిలబడి, 'ఒకటి నుంచి పది లోపు, ఎంత కష్టంగా ఉంది బాబాయ్?' అని అడిగేది. 'దూది.' 'అలా కాదు, అంకె చెప్పాలి.' 'అయితే రెండు.' ఆ పిల్ల వేగం పెంచేది. 'ఇప్పుడో?' 'రెండే.' పక్క మిషను మీద ఓ పంతులమ్మగారు, మీట నొక్కకముందే 'తొమ్మిదీ!' అని కేక. 'ఏంటి పంతులమ్మా, ఇంకా కాలే కదపలేదు!' అని ఈయన. 'నా తొమ్మిది నా ఇష్టం. నీ రెండు సంగతి చూసుకో, చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది' అని ఆవిడ.

నాకు భయమేసింది. నర్సుని పక్కకి పిలిచి చెప్పాను. 'ఆయన అంకె నమ్మకమ్మా. నిజంగా కష్టమైతే ఆయనకి మర్యాద పుట్టుకొస్తుంది. పెళ్ళైన కొత్తలో బీరువా మేడ మీదికి మోస్తూ, ఏమే తప్ప ఇంకో పిలుపు తెలియని మనిషి, నన్ను కాస్త తప్పుకోండి అన్నారు. కింద దించాక చూస్తే పెదాలు నల్లబడున్నాయి' అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. 'ఈయన అబద్ధం చెప్తే, పడిపోయేదాకా మాకు తెలీదు పిన్నీ' అంది.

మర్నాడు మళ్ళీ మొదలు. 'ఎంత బాబాయ్?' 'రెండే అమ్మాయ్.' వేగం పెంచింది. 'ఇప్పుడు?' 'రెండేనండీ.' టక్కున ఆపేసింది! 'ఎందుకాపావ్? రెండన్నానుగా!' 'మీరు నన్ను అండీ అన్నారు బాబాయ్.' ఈయన మెల్లిగా తిరిగి నా వంక చూశారు. ఇంకెవరు చెప్తారు మరి? నాలుగు రోజులు నాతో మాటల్లేవు. అన్నంలోకి ఉప్పు కావాలన్నా గోడకి చెప్పేవారు.

ఆరు వారాలయ్యాయి. బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. యజమాని మంచివాడే, గేటు దగ్గర స్టూలు వేసి, కూర్చుని కుర్రాళ్ళని చూసుకోమన్నాడు. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గడపలో కూర్చున్నారు. కాస్త నవ్వుతారేమోనని నర్సులా గొంతు పెట్టి, 'ఇవాళ ఎంత బాబాయ్?' అన్నాను.

'పది' అన్నారు.

పొద్దుటి నుంచీ ఒక్క బస్తా ముట్టుకోలేదే ఆ మనిషి. పది అన్నారు...

అదిగో, చినుకులు. తీగ మీద బట్టలున్నాయి, పో.