చెయ్యి ఇంజన్లో, తాళం జేబులో

షెడ్డులో బానెట్ ఎత్తి ఉన్న పాత కారు. ఆవిరి ఇంకా తగ్గలేదు. ఒక పక్క మేనమామ, ఇంకో పక్క మేనకోడలు.

"గుడగుడా, గరగరా? సరిగ్గా చెప్పు."

"చెప్పాను మామయ్యా. వచ్చినప్పట్నించీ నాలుగుసార్లు చెప్పాను."

"అయిదోసారి చెప్పు. చప్పుడు సరిగ్గా చెప్తే సగం రోగం దొరికినట్టే."

"గుడగుడ మొదటిసారి వచ్చినప్పుడు. అప్పుడు రేడియేటర్ మూత మార్చారు. గరగర రెండోసారి. అప్పుడు ఆ థర్మోస్టాటో ఏదో మార్చారు. మూడోసారి ఫ్యాను. ఇది నాలుగోసారి. ఇక ఈ బండిలో మార్చడానికి మిగిలింది నేనొక్కదాన్నే."

"డ్రైవర్ని మార్చినా కొన్ని బళ్ళు బాగుపడతాయిలే."

"నవ్వు రావట్లేదు మామయ్యా."

"సరే సరే. వేడెక్కడ ఎక్కింది? ఊళ్ళోనా, కొండమీదా?"

"కొండమీదే. మూడో మలుపులో. ముల్లు ఎర్రగీత దాటేసింది. ముందు నుంచి పొగ. నేను రోజూ తీసుకెళ్ళే నలుగురు టీచర్లూ దిగి, సంచులు భుజాన వేసుకుని బడికి నడిచిపోయారు. పోతూ పోతూ లెక్కల మేడం ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'రేపు కూడా ఆగితే వేరే బండి మాట్లాడుకుంటాం, ఏమీ అనుకోకమ్మా' అంది. ఏమీ అనుకోకూడదట! నాకున్నదే ఆ నలుగురు. వాళ్ళు పోతే ఈ బండి గుమ్మం ముందు పెట్టుకుని చూసుకోవాలి నేను."

"పోరు. నేనున్నానుగా."

"మీరున్నారనే కదా నాలుగుసార్లు వచ్చాను. ఇంకొకరైతే రెండోసారికే దండం పెట్టేసేదాన్ని."

"ఏంటి గొణుగుతున్నావు? మొహం ఇటు పెట్టి తిట్టు. పెద్దవాళ్ళని వెనక్కి తిరిగి తిట్టకూడదు."

"తిట్టలేదు. చల్లారిందేమో చూస్తున్నా."

"మూత మీద చెయ్యి వెయ్యకు! కాలుతుంది. అదిగో, ఆ గుడ్డ ఇలా ఇవ్వు... కాస్త తిప్పి ఆగాలి. ఊపిరి వదలనివ్వాలి దాన్ని. ఇంకాస్త. చూశావా, నీళ్ళు ఎంత దిగిపోయాయో."

"మామయ్యా, రోడ్డుమీంచి ఆయనెవరో పిలుస్తున్నారు."

"ఆ నీళ్ళ డబ్బా ఇలా జరుపు."

"మామయ్యా! ఆ స్కూటరాయన. మూడుసార్లు పిలిచాడు."

"ఎవరూ? ఓ, ఆయనా. పిలవనీ. పనిలో ఉంటే దేవుడు పిలిచినా పలకను నేను."

"వెళ్ళిపోతున్నాడు. ఎదురు షాపులోకి వెళ్ళిపోతున్నాడు!"

"వెళ్ళనీ. పొరుగింటి పుల్లకూర రుచి. అక్కడ కంప్యూటర్ తగిలిస్తారట, అది టకటకా చీటీ కొడుతుందట, చీటీలో రోగం రాసి ఉంటుందట. ఇంజను ఏమైనా ఉత్తరం రాస్తుందా?"

"రాస్తే బాగుండేది. నేనైనా చదివి మీకు వినిపించేదాన్ని."

"నేనిలా స్క్రూడ్రైవర్ ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుంటే..."

"తెలుసు. కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం విని, ఏ నట్టు ఏడుస్తోందో చెప్పేస్తారు. చెవి మేస్త్రి. చిన్నప్పట్నించీ వింటున్నా ఈ కథ. ఊరంతా చెప్పుకుంటారు. మరి ఈ నాలుగుసార్లూ ఒక్కసారైనా అలా విన్నారా మీరు? నాకైతే గుర్తులేదు."

"నీ బండికి అంత అవసరం లేదనుకున్నా."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడుంది. అందుకే నువ్వు వింటావు."

"నేనా!"

"రోజూ కొండెక్కేదానివి. దారిలో ఆగితే పక్కన నేనుంటానా? నేర్చుకోవాలి. ఇదిగో స్క్రూడ్రైవర్. నేను సీట్లో కూర్చుని స్టార్ట్ చేస్తా. నువ్వు నేను చెప్పిన చోటల్లా ఆనించు. తిరిగేవాటికి దూరంగా ఉండు. జడ లోపలికి దోపుకో. ఫ్యానుకి జడా తెలీదు, మనిషీ తెలీదు."

"మామయ్యా, నాకు ఆలస్యమవుతోంది. చదువు తర్వాత నేర్పుదురు గానీ, ముందు మీరు వినండి."

"నాకు తెలిసినదాన్ని నేను వినేదేముంది? ఇదిగో, స్టార్ట్ చేస్తున్నా. విను. ముందు పైన, నడిమధ్య పెట్టు. ఏమంటోంది?"

"టకటకమంటోంది."

"ఆఁ? ఇటు చూసి చెప్పు."

"టకటక! టకటక!"

"అది ఉండే చప్పుడే. కిందకి రా. ఎడమ పక్కన."

"బుర్రుమంటోంది."

"మంచిదే. ఇప్పుడు ముందుకి. ఆ పంపు పక్కన, లావు బోల్టు ఉందే, దాని మీద. బెదరకు. పెట్టు."

"అబ్బా!"

"ఏమైంది? కాలిందా?"

"చెవికి చిల్లు పడింది. కీచ్... అంటోంది. పలక మీద గోరు గీసినట్టు."

"పెడల్ తొక్కుతున్నా చూడు. పెరుగుతోందా?"

"పెరుగుతోందా ఏంటి మామయ్యా! స్క్రూడ్రైవర్ తీసేసినా వినిపిస్తోంది. ఎదురు షాపాయన కూడా బయటికొచ్చి చూస్తున్నాడు. మీకు వినపడట్లేదా?"

"వినపడకేం! నీకు వినపడుతోందా లేదా అని చూశాను. పరీక్ష పెట్టాను."

"పాసయ్యానా?"

"పాసయ్యావు. ఆపుతున్నా. చెయ్యి తియ్యి."

"ఆపింది సరే. తాళం ఇలా ఇవ్వండి, లోపల కూర్చుని అద్దం దించుకుంటా, ఉక్కపోస్తోంది."

"ఇవ్వను. చెయ్యి ఇంజన్లో, తాళం జేబులో. మా గురువు మొదటిరోజు నేర్పింది ఇదొక్కటే. ఆయనకి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఎవరో సరదాగా తాళం తిప్పారట. ఇదిగో, చూశావుగా, చొక్కా జేబులో వేసి బొత్తాం పెట్టేశా. నా పది వేళ్ళూ నావే."

"ఇప్పుడైనా చెప్పండి, ఏంటి రోగం?"

"కీచు అంటే... ఆగు, చెయ్యి పెట్టి చూడనీ. ఇది లూజు. ఇదిగో, బెల్టు! బొటనవేలితో నొక్కితే ఎంత దిగిపోతోందో చూడు. పైగా నున్నగా మెరుస్తోంది. పట్టు లేదు. కొండెక్కేటప్పుడు జారుతోంది. బెల్టు జారితే పంపు తిరగదు. పంపు తిరగకపోతే నీళ్ళు తిరగవు. నీళ్ళు తిరగకపోతే ఇంజను కాగుతుంది. అంతే! ఇంత చిన్న రోగానికి ఇన్నాళ్ళు..."

"మామయ్యా."

"చెప్పు."

"నేను మీకు బెల్టు అని చెప్పి పది రోజులైంది."

"ఎప్పుడు?"

"ఫోన్లో! రెండోసారి తీసుకురాకముందు. ఒక లారీ డ్రైవర్ దారిలో చూసి 'అమ్మా, బెల్టు చూపించుకో' అన్నాడు. అదే మీకు చెప్పాను. మీరేమో 'ఆఁ, తెలుసు తెలుసు, చూస్తా' అన్నారు."

"చూశానుగా. అన్నీ బిగించాను."

"ఏం బిగించారు?"

"బోల్టులు."

"బోల్టులా?"

"నువ్వు బోల్టన్నావు."

"బెల్టన్నాను!"

"బోల్టని విన్నాను. కింద నించి పై దాకా ఒక్కో బోల్టూ బిగించాను. ఒక పూటంతా పట్టింది. ఈ బండి ముక్కలైపోయినా బోల్టులు మాత్రం ఊడవు."

"దేవుడా! పది రోజులు మామయ్యా! పది రోజులు ఆ కొండమీద నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డాను. సైన్సు సారు తను తాగే నీళ్ళు కూడా పోశాడు ఇందులో. ఒక్క అక్షరం సరిగ్గా వింటే..."

"నీ ఫోన్ అలాంటిది. గరగరలాడుతుంది."

"నా ఫోన్ బాగానే ఉంది. అందరితో బాగానే పనిచేస్తుంది."

"అయితే నా ఫోనే బాగాలేదు. ఇప్పుడు పోట్లాడమంటావా, బెల్టు మార్చమంటావా?"

"మార్చండి."

"అదిగో, మేకుకి వేలాడుతున్నాయి చూడు. పసుపు చీటీ ఉన్నది. అదే నీ కొలత."

"ఇదిగో. మామయ్యా, నిజంగా అడుగుతున్నాను, మీ మనసు పని మీద లేదా? ఇంట్లో ఏమైనా గొడవా?"

"గొడవేం లేదే. ఇల్లు ప్రశాంతంగా ఉంది ఈమధ్య."

"ఉంటుంది. అత్తయ్య మీతో మాట్లాడ్డం మానేసింది కదా."

"ఏంటీ?"

"మాట్లాడ్డం మానేసిందట. నిన్న నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అన్నానికి పిలిస్తే పలకరట. వంటింట్లోంచి కేకేస్తే కదలరట. 'ముప్పయ్యేళ్ళు కాపురం చేశాక నా మాటంటే ఈయనకి లెక్కలేకుండా పోయింది, ఇక నేనూ మాట్లాడను' అంది."

"మానేసిందా? ఎప్పట్నించి?"

"నాలుగు రోజులైందట."

"నాలుగు రోజులా..."

"అదేంటి, మీకు తెలీదా?"

"తెలుసు. తెలుసులే. ఆ పదమూడు నంబరు స్పానర్ ఇలా పడెయ్యి."

"నాలుగు రోజులు పెళ్ళాం మాట్లాడకపోతే తెలియనివాళ్ళని మిమ్మల్నే చూశాను."

"తెలుసన్నానుగా! స్పానర్!"

"అరవకండి. ఇదిగో."

"ఇక్కడ పట్టుకో. ఈ డైనమోని నీవైపు లాగి ఉంచు, కొత్త బెల్టు బిగుసుకోవాలి. గట్టిగా... చాలు. ఇప్పుడు బిగిస్తున్నా. బొటనవేలితో నొక్కి చూడు. గోరు లోతు దిగాలి, అంతకన్నా దిగకూడదు. ఎంత దిగింది?"

"గోరంతే."

"చూశావా. దీనికి చెవులు అక్కర్లేదు. చెయ్యి చెప్తుంది. చెయ్యి అబద్ధం చెప్పదు."

"మామయ్యా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి."

"తెచ్చుకుంటే ఏం చేస్తావు?"

"ఇవాళ ఇది కుదరకపోతే నేను ఎదురు షాపుకి తీసుకెళ్తాను. తీసుకెళ్ళాలని కాదు. రేపు ఆగితే నా పని అయిపోయినట్టే. ఇంకో దారి లేదు."

"తీసుకెళ్ళు."

"అలా అనకండి."

"ఎలా అనమంటావు? చెవి మేస్త్రి మేనకోడలు ఆ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడితే, రేపట్నించి నేను షెడ్డు తలుపు తియ్యక్కర్లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయానని తెలిసిపోతుంది. అయినా నీ పొట్ట కొట్టే హక్కు నాకు లేదు. తీసుకెళ్ళు."

"మీరు నా బండి విని ఎన్నాళ్ళయిందో చెప్పండి. అదొక్కటే చాలు నాకు. నా చిన్నప్పుడు వీధి మలుపులో బండి వస్తుంటే చాలు, ఇంట్లో కూర్చునే 'అదిగో మీ నాన్న, మూడో ప్లగ్గు తడబడుతోంది' అనేవారు. ఆ చెవులు నాకు కావాలి. కంప్యూటర్ నాకెందుకు?"

"అయిపోయింది. నీళ్ళు నింపాను. మూత బిగించాను. బానెట్ వేసేస్తున్నా. చెయ్యి తియ్యి. వెళ్ళి సీట్లో కూర్చో."

"మీరు రండి ఇక్కడికి. బానెట్ దగ్గర నిలబడి వినండి."

"గ్రీజు చేతులు. కుళాయి దగ్గర కడుక్కొస్తా. నేను కడుక్కునేలోపు స్టార్ట్ చేసి ఉంచు. అక్కణ్ణించే వింటాను. ఇంజను బాగుందంటే పది అడుగుల అవతల నించే తెలిసిపోతుంది."

"ఆగండి, మామయ్యా..."

"కూర్చో కూర్చో. రెండు నిమిషాలు తిరగనీ. వెంటనే పెడల్ తొక్కకు."

"మామయ్యా, ఒక్కసారి ఇటు..."

"నీకు కంగారెక్కువ. అచ్చం మీ అమ్మే. ఈ సబ్బు ఎవరు పడేశారో, మట్టి అంటుకుంది..."

"మామయ్యా! మామయ్యా!"

"ఆఁ... అదీ! విన్నావా? ఎంత మెత్తగా తిరుగుతోందో చూడు. కీచు లేదు, గరగర లేదు. పాలు పొంగేముందు గిన్నెలా ఎంత బుద్ధిగా ఉందో! వెనక్కి తిరగకుండానే చెప్పేశాను. ఇప్పుడు చెప్పు, ఎదురు షాపుకి వెళ్తావా? చెప్పు కోడలా. మేస్త్రి చెవి పోయిందంటావా?"

"ఇటు తిరగండి మామయ్యా. నా మొహం చూడండి. తాళం ఇంకా మీ జేబులోనే ఉంది."