అమ్మ రాయి

ఊళ్ళు తిరిగి రాళ్ళు ఏరుకొచ్చే చదువు ఆమెది. ఈసారి బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా శ్మశానానికి వచ్చింది. సుత్తీ రాళ్ళూ ఉన్న సంచి భుజాలు లాగేస్తోంది. అమ్మ సమాధి దగ్గర నాన్న డ్యూటీ బట్టల్లోనే చతికిలబడి ఉన్నాడు. నల్లటి కొత్త రాయి నిలబెట్టి ఉంది. ఆమె వంగి, రాయి వెనక మూలన చిన్న సీసాలోంచి ఒక చుక్క వేసింది. తెల్లగా నురగ పొంగింది.

"ఏం పోశావే?"

"యాసిడ్, నాన్నా. ఒక్క చుక్కే. ఏ రాయి కనబడినా ఇదే పని, అలవాటైపోయింది."

"మీ అమ్మనీ వదల్లేదన్నమాట."

"గ్రానైటని చెప్పి అంటగట్టారా నీకు?"

"ఏం?"

"గ్రానైటైతే పొంగదు. ఇది సున్నపురాయి, వానకి కరుగుతుంది. నీకు టోపీ పెట్టారు."

"ఎవరూ పెట్టలేదులే. ముందు కొట్టువాడు గ్రానైటే చూపించాడు. ఉలి దిగలేదు."

"ఎవరి ఉలి?"

నాన్న చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. రెండు వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది. అప్పుడు చూసిందామె. అమ్మ పేరు ఒక పక్కకి ఒరిగింది, చివరి అక్షరానికి చోటు చాలలేదు.

"నువ్వే చెక్కావా?"

"డ్యూటీ దిగాక కాసేపు కాసేపు. మెత్తటి రాయి కావాలని నేనే అడిగి తెచ్చుకున్నా. ఎన్నాళ్ళుంటుంది?"

"నువ్వున్నన్నాళ్ళూ ఢోకా లేదు. నేను ముసలిదాన్నయ్యేసరికి అక్షరాలు అరిగిపోతాయి."

"అరిగితే నువ్వు చెక్కు. సంచిలో సుత్తి ఉందిగా."