దేవుడి పేరు మీద ఇంకొంచెం

ఆదివారం మధ్యాహ్నం. ఇంటి వెనక రేకుల షెడ్డులో లారీ, భోజనాల బల్ల మీద ఆ లారీ ఇంజను మీది మూత, హెడ్డు. దాని చెరోపక్కా మొగుడూ పెళ్లాం.

"అంటే మళ్లీ పోయిందంటారు."

"పోయిందని నేనన్నానా? చూస్తున్నాను."

"చూడ్డానికేముందండీ? హెడ్డు కింద వేసిన గ్యాస్కెట్టు మూడో సిలిండరుకీ నాలుగో సిలిండరుకీ మధ్య కాలి నల్లబడింది. పోయినసారీ అక్కడే. అంతకు ముందూ అక్కడే. నాకే కనిపిస్తోంది."

"ఆ గుడ్డ ఇటు పడెయ్యి."

"ఆయిల్ చూశారా?"

"చూశాను."

"నీళ్లు కలిసి అచ్చం పాలు పోసిన టీ రంగులో ఉంది. పంచదార ఒక్కటే తక్కువ."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వొచ్చి అనలేదు. ఈ బల్ల మీద అన్నం తిని నాలుగు నెలలైంది. నేల మీద కూర్చుని, మీ హెడ్డుకి దణ్ణం పెడుతున్నట్టు తింటున్నాం. ఆరేసిన బట్టల నిండా ఇనప రజను. మొన్న తల దువ్వుకుంటే దువ్వెన మెరిసింది."

"అది గ్రైండరు పట్టినప్పుడు. ఆ పని ఎప్పుడో అయిపోయింది."

"అయిపోయింది, అయిపోయింది. మొదటిసారి బిగించినప్పుడూ అదే మాట."

"మాట్లాడకుండా ఉండవా కాసేపు?"

"ఉంటాను. రేపు పదింటికి పాత ఇనుప కొట్టాయన వస్తాడని గుర్తుచేసి, ఆ తర్వాత ఉంటాను."

"నాకు గుర్తుంది."

"మీరే పిలిచారు."

"గుర్తుందన్నానా?"

"మూడోసారి కూడా నిలవకపోతే లారీ తూకానికి ఇచ్చేసి, గోడౌనులో వాచ్‌మన్‌గా చేరతానని నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశారు."

"ఒట్టెయ్యమని ప్రాణం తీసింది నువ్వే!"

"ఇంక చాలించమని ఒట్టెయ్యమన్నాను. అమ్మమన్నానా? మీరు లారీ లేకుండా ఇంట్లో కూర్చుంటే కుర్చీకి కూడా బెంగ పుడుతుంది. నాకు తెలియదూ?"

"ఆడి తప్పలేను. నీ నెత్తి మీద ఒట్టు."

"నా నెత్తికేం కాదు. ఇనప రజనుకే తట్టుకుంది."

"ఇదంతా నా చేతులారా చేసుకున్నది. లేతు షాపాయన అననే అన్నాడు."

"ఏమన్నాడు?"

"హెడ్డు అద్దంలా చదునుగా ఉందన్నాడు. అది కూర్చునే బ్లాకు మీద కూడా ఇనప బద్ద ఆనించి చూశాడు, వెంట్రుక దూరదు. అన్నీ సవ్యంగా ఉంటే ఇక తప్పు నువ్వు గెలికిన దార్లదే అన్నాడు. కంపెనీ వాడికి తెలియనిది నీకు తెలిసిందా అన్నాడు. నలుగురూ విన్నారు."

"గాలి వెళ్లే దార్లు వెడల్పు చేస్తే గ్యాస్కెట్టు కాలుతుందా?"

"కాలదు."

"దానికీ దీనికీ సంబంధం ఉందా?"

"లేదు."

"మరి?"

"లేదని బుర్రకి తెలుసు. మనసే ఒప్పుకోదు. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు దానికి ఊపిరి ఆడ్డం లేదని, కాస్త వెడల్పు చేశాను, గరుకంతా నున్నగా తీశాను. అంతే. కానీ పడుకుంటే అనిపిస్తుంది... ఒకడికి ఇంతే ఊపిరి అని పైవాడు రాసిపెడితే, చాలదని గీకడానికి నేనెవణ్ణి అని."

"దేవుడికి మీ గాలి గొట్టాల మీద పంతమా? ఆయనకి వేరే పనుల్లేవూ?"

"అలా అనకు."

"అన్నది మీరు. ఆయన్ని అంత చిన్నబుద్ధి వాణ్ణి చేసింది మీరు. నేను ఆయన తరఫున అడుగుతున్నాను."

"సరే, నువ్వే చెప్పు. ఇంకేం మిగిలింది? పిస్టన్లు కొత్తవి. రింగులు, లైనర్లు కొత్తవి. ఇరవయ్యారు బోల్టులూ కొత్తవి. వాల్వులు ఒక్కోటీ చేత్తో తిప్పి తిప్పి అరచెయ్యి బొబ్బలెక్కేదాకా నూరాను. ఒక్కో దారిలో సిరంజితో నీళ్లు పోసి కొలిచాను, ఆరింటికీ చుక్క తేడా లేదు. కొలవనిది లేదు ఈ ఇంట్లో!"

"బిగించింది మీరేగా?"

"మరి పక్కింటాయనా?"

"దేంతో?"

"దేంతో ఏంటి, మావయ్య టార్కు రెంచితో. పన్నెండు మీద పెట్టాను, బిగువు పన్నెండుకి రాగానే టక్‌మంది, ఆపాను. మధ్య బోల్టు నుంచి చివరలకి, మూడు విడతలు. పుస్తకంలో ఉన్నట్టు. ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు."

"ఏదో ఉంది."

"రెంచిని తప్ప అన్నీ కొలిచారు."

"ఏంటి?"

"అదే. కొలవనిది లేదన్నారు కదా. ఒకటుంది."

"చాల్లే. మావయ్య రెంచి అది."

"అయితే?"

"అయితే ఏంటి? నాకిస్తూ ఏమన్నారు? 'అల్లుడూ, దీన్ని నేను కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా నేల తాకనివ్వలేదు' అన్నారు. గుడ్డలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చారు. నేను దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను. దాన్ని అనుమానించమంటావా?"

"నాన్న చేతిలో పెరిగిందాన్నేగా నేనూ. నన్ను రోజూ అనుమానిస్తారు, ఉప్పు రెండుసార్లు వేశావని."

"నువ్వు వేస్తావు కనక!"

"దానికి మాత్రం పరీక్ష వద్దా?"

"నువ్వే అనాలి ఈ మాట. కన్నకూతురివి. మన పెళ్లై పంతొమ్మిదేళ్లు. మావయ్య దగ్గరున్నప్పుడూ, మనింటికొచ్చాకా ఒక్కరోజు దాన్ని ముట్టుకోలేదు నువ్వు. అందివ్వమంటే గూడు తలుపు తీసి పక్కకి తప్పుకుంటావు. తండ్రి మీద ఎంత భక్తి అనుకునేవాణ్ణి."

"భక్తి కాదు."

"మరి?"

"బరువు."

"నీళ్ల బిందె కన్నానా?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ? ఒక్కసారి తూచి చూద్దాం. బాగుంటే నా లెంపలు నేనే వాయించుకుంటాను. రేపు ఆ ఇనుపాయన వచ్చాక తూస్తే లారీతో పాటు తూచాలి."

"ఎందుకంత పట్టు నీకు?"

"ఊరికే."

"ఊరికే అనే మనిషివి కాదు."

"తూస్తారా, తూచరా?"

"...తాడు ఎక్కడుంది?"

"దండెం విప్పుతాను. బకెట్టు పెద్దది తేనా?"

"పెద్దదే. లీటరు మగ్గు కూడా తే. ఇటు షెడ్డులోకి రా, విను. రెంచి ముక్కు ఈ వైసు దవడల మధ్య బిగించాను. కాడ అడ్డంగా, నేలకి సమంగా ఉండాలి. బకెట్టు సరిగ్గా ఇక్కడ కడుతున్నాను, అరవై సెంటీమీటర్ల దూరంలో. పన్నెండు బిగువంటే మీటరు దూరంలో పన్నెండు కిలోలు, ఇక్కడైతే ఇరవై కిలోలు వేలాడాలి. బకెట్టు ఒక కిలో. నీళ్లు లీటరుకి కిలో. ఎన్ని మగ్గులు?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదో మగ్గుకి టక్‌మందనుకో, మావయ్యకి క్షమాపణ చెప్పాలి, ఇద్దరం."

"చెబుదాం. పొయ్యనా?"

"మెల్లిగా. కుదిపావంటే లెక్క తప్పుతుంది."

"ఒకటి. రెండు. మూడు."

"వొలకనివ్వకు."

"నాలుగు. అయిదు. మీరు ఊపిరి బిగబట్టకండి, మీకూ దార్లు వెడల్పు చెయ్యాల్సొస్తుంది."

"పొయ్యవే!"

"తొమ్మిది. పది. పదకొండు."

"కాడ కదల్లేదు. చూశావా? రాయిలా ఉంది. నేను చెప్పలేదూ?"

"పన్నెండు. పదమూడు."

"ఎందుకంత మెల్లిగా పోస్తున్నావ్?"

"మీరేగా కుదపొద్దన్నారు. పద్నాలుగు. పదిహే—"

"ఆగు."

"టక్‌మంది."

"అన్లేదు. బకెట్టు కాడ చప్పుడు."

"టక్‌మందండీ."

"పారబొయ్యి. మళ్లీ మొదటి నుంచి."

"నీళ్లన్నీ—"

"మొక్కలకి పొయ్యి. మళ్లీ!"

"...పదమూడు. పద్నాలుగు. పదిహేను. ఇదిగో. విన్నారా?"

"ఇంకోసారి."

"మూడోసారి కూడా నిలవకపోతే ఒప్పుకుంటానని ఒట్టెయ్యండి."

"వెక్కిరించకు. పొయ్యి."

"...పద్నాలుగు. పదిహేను. అదిగో."

"పదిహేనా?"

"పదిహేనే. బకెట్టుతో పదహారు."

"ఇరవై అని చెప్పి పదహారుకే టక్‌మంటోంది. అయిదో వంతు కొట్టేస్తోంది. ఇరవయ్యారు బోల్టులూ వదులే. మూడుసార్లూ వదులే! మూడు గ్యాస్కెట్లు, నాలుగు నెలలు, ఊళ్లో వాళ్ల మాటలు... నేను దార్లని తిట్టుకున్నాను. లేతాయన్ని తిట్టాను. దేవుణ్ణి కూడా—"

"కూర్చోండి."

"మన ఇంట్లోనే పాడై ఉండాలి. గూట్లో చెమ్మ తగిలిందేమో. ఆయన చేతిలో ఉన్నప్పుడు మాత్రం బాగుండేది. లేకపోతే ఆయన కట్టిన ఇంజన్లు ఎలా నిలిచాయి? ఇదే ఇంజను, తొమ్మిదేళ్ల కింద, ఇదే రెంచితో కట్టారు. టార్చి పట్టుకుంది నేనే. తొమ్మిదేళ్లు చుక్క కారలేదు."

"అప్పుడు నాన్న ఎలా బిగించారో గుర్తుందా?"

"ఎందుకు లేదు?"

"చూపించండి. ఉట్టి చేత్తోనే."

"ఇలా లాగేవారు... టక్. అప్పుడు ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని, 'దేవుడి పేరు మీద ఇంకొంచెం' అని ఇలా... అలా ప్రతి బోల్టుకీ. ఇరవయ్యారు సార్లు."

"ఆ ఇంకొంచెం అన్నప్పుడు చెయ్యి ఆగిందా, కదిలిందా?"

"కదిలింది. ఇంత... రెండు వేళ్ల మేర."

"మీరెందుకు కదపలేదు?"

"కంపెనీ వాళ్ల క్లాసుకి వెళ్లినప్పుడు సారు అందరి ముందూ అన్నాడు, టక్‌మన్నాక కూడా లాగేవాడు మెకానిక్కు కాదు, పశువు అని. అదీగాక... దేవుడి పేరు మనసులో ఉంటే చాలదా, బోల్టు మీద చూపించాలా అనుకున్నాను. మొదలుపెట్టే ముందు దణ్ణం పెట్టుకున్నాను. మూడుసార్లూ పెట్టుకున్నాను!"

"దణ్ణం సరిపోయిందండీ. బిగువే సరిపోలేదు."

"అంటే... ఆయన చేతికి తెలుసు. రెంచి ముందే టక్‌మంటోందని తెలిసి, తక్కువైంది చేత్తో పూడ్చేవారు. నేనేమో అది ప్రార్థన అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను. ఈ పూట దాకా."

"మరి నాకెందుకు చెప్పలేదు? రెంచి ఇచ్చిన మనిషి దాని రోగం చెప్పొద్దూ? పైగా నేల తాకలేదని నా చేతిలో పెట్టారే! ఇది చెమ్మ పని కాదు, పడకుండా రెంచి ఇలా చెడదు. మావయ్య అబద్ధం ఆడరు. ఎన్నడూ ఆడలేదు."

"ఒక్కటి ఆడారు."

"ఏంటది?"

"ముందు కొత్త గ్యాస్కెట్టు తియ్యండి. ఇంకొకటి మిగిలిందిగా. వెలుగుండగానే హెడ్డు ఇక్కడికి తెచ్చి లారీకి ఎక్కిద్దాం. ఆ కొస నేను పట్టుకుంటాను."

"రేపు పదింటికి ఆయనొస్తే?"

"టీ ఇచ్చి పంపుతాను. ఇంజన్లోది కాదు, పొయ్యి మీదది."

"నవ్వొస్తోంది కానీ ఏడుపు కూడా వస్తోంది. సరే, పట్టు. ఆఁ, మెల్లిగా దించు. వేళ్లు జాగ్రత్త... కూర్చుంది. వైసులోంచి రెంచి నేనే తీసుకుంటాలే, నువ్వు ముట్టుకోవుగా."

"నేనిస్తాను."

"నువ్వా?"

"ఇదిగో. గట్టిగా పట్టుకోండి. పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను. వదులు. ఇంకా ఎందుకలా రెండు చేతులతో పట్టుకున్నావ్? ఏమైంది?"

"నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇలాగే అందిస్తుంటే నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. 'ఏం పడేసిందది?' అని లోపల్నుంచి అమ్మ బెత్తం పట్టుకునే వచ్చింది. నాన్న రెంచి మీద కాలు అడ్డం పెట్టి, 'ఏం లేదే, నా సుత్తి జారింది' అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మొదటి బోల్టుకి టక్‌మనగానే ఆగి, చేత్తో తడిమి చూసి, నా మొహంలోకి చూశారు. అప్పుడు కళ్లు మూసుకున్నారు. 'దేవుడి పేరు మీద ఇంకొంచెం' అనడం ఆ రోజే మొదలండీ. అంతకు ముందు ఎప్పుడూ అనగా నేను వినలేదు."